మా మిద్దెమీది ఆకాశనౌక

కథ విన్న పిల్లలు విని యూరకుండరు. రాత్రి హరికథలో శివధనుర్భంగము జరిగినచో, మరునాటి యుదయమునకు ఇంటిలోని చీపురుపుల్లలన్నియు విండ్లగును. మంచముమీది దుప్పటి కృష్ణుని పీతాంబరమగును. అప్పడాల కర్ర భీముని గదయగును. ఈ సంగతి తల్లులకు నేను క్రొత్తగా చెప్పవలసినది కాదు. మనసునకు నచ్చిన కథను చెవితో విని, కంటితో చూచి తృప్తిపడక, తానే యాడి చూచుకొనవలెనను కోరిక మనుష్యునకు సహజము. పెద్దవారమైన పిదప సిగ్గుచేత మనము దానిని మానుకొందుము. పెద్దవారయ్యును ఆ యాటను మానని వారు కొందరు లోకమున గలరు. వారిని గూర్చియు, వారి మూలమున మొన్నటి వేసవిలో మా యింట బయలుదేరిన చర్చను గూర్చియు సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవింతును.

అమెరికా దేశమున 1966 వ సంవత్సరము సెప్టెంబరులో 'స్టార్ ట్రెక్' అను టెలివిజన్ ధారావాహిక యారంభమయ్యెను. దానిని కల్పించినవాడు జీన్ రాడెన్‌బెరీ. రాబోవు శతాబ్దములలో మానవులు 'ఎంటర్‌ప్రైజ్' అను నాకాశనౌకనెక్కి నక్షత్రలోకములను చుట్టివచ్చుట యందలి కథ. నౌకకు కర్క్ కెప్టెను. సగము మానవుడును సగము అన్యగ్రహవాసియునైన స్పాక్, ముక్కోపియైన వైద్యుడు మెకాయ్, వార్తాయంత్రముల ముందు గూర్చుండు ఉహూరా అను నల్లజాతి వనిత యతనికి తోడు. మూడేండ్లలో 79 భాగములు ప్రసారమై, 1969 లో అది నిలిచిపోయెను. మన దేశమునను 1980ల దశకమున దూరదర్శన్ వారు ఆదివారపు ఉదయములందు దీనిని చూపిరి. టెలివిజన్ పెట్టె వీధికొకటి రెండుగా నుండిన కాలమది. తలంటుకొన్న పిల్లలు తడిజుట్టుతోనే పెట్టె గల యింటికి పరుగెత్తుట నా యీడువారికి జ్ఞాపకముండును.

ఆ ధారావాహికను తీసినవారికి ధనము సమృద్ధిగా లేకుండెను. నౌక నేలకు దిగుట చూపుటకు వ్యయమధికమగునని తలచి, మనుష్యులొకచోట మాయమై వేరొకచోట ప్రత్యక్షమగు యంత్రమును కల్పించిరి. మాయమగు వేళ మిలమిల మెరయునది వెలుతురులో రాలుచున్న అల్యూమినియపు పొడి. నౌకలోని తలుపులు తమంత తాము తెరచుకొన్నట్లు కనబడును గాని, గోడవెనుక దాగిన పనివారు వానిని లాగుచుండిరి. వైద్యుని చేతిలోని వింత పరికరములలో కొన్ని యంగడిలో కొన్న ఉప్పుబుడ్లు! ఈ రహస్యములు తెలిసిన వెనుక, చూచువారికి 'ఇది మేమును చేయగలము' అను ధైర్యము కలుగుటలో వింత యేమున్నది?

ఆ ధైర్యము మొదట స్త్రీలకే కలిగెనని చెప్పవచ్చును. 1967 లో 'స్పాకనేలియా' యను చిన్న పత్రికను ఇరువురు యువతులు వెలువరించి, ఆ పాత్రలను గూర్చి అభిమానులు వ్రాసిన రచనలను అచ్చొత్తిరి. ధారావాహికను రెండవయేటనే నిలుపుదురను వార్త పుట్టినప్పుడు, బ్జో ట్రింబుల్ అను నామె భర్తతో గలసి దేశమంతట జాబులు వ్రాయించెను. మూడవయేటి ప్రసారము ఆ జాబుల చలవయే యని నేటికిని చెప్పుకొందురు. 1975 లో కాండీ ఫాంగ్ అను నామె, తీయువారు కత్తిరించి పారవేసిన ఫిల్ముముక్కలను ప్రోగుచేసి, పాటకు సరిపడునట్లు ఒకదాని వెంట నొకటిగా తెరపై చూపెను. పాత చీరెలంచులతో బొంతలు కుట్టెడి మనకు ఆ పనిలోని యోర్పును, ఆనందమును వేరుగా వర్ణింప నక్కరలేదు.

కెమెరాలు చౌకయైన పిదప అభిమానులు తామే నటించి చిత్రములు తీయసాగిరి. కాలిఫోర్నియాలో కొందరు మిత్రులు ఒకరి యింట ఆకుపచ్చని తెర గట్టి, దాని ముందు నటించి, వెనుక నక్షత్రములను కంప్యూటరుతో జేర్చి, 2000 మొదలు 2007 వరకు 'హిడెన్ ఫ్రాంటియర్' అను పేర 50 భాగములు తీసిరి. న్యూయార్కు రాష్ట్రమున టైకాండెరోగా యను చిన్న యూరిలో జేమ్స్ కాలీ యను గాయకుడు పాత నౌకయొక్క నమూనా పటములను సంపాదించి, కెప్టెను కూర్చుండు గదిని మీటలతో దీపములతో యథాతథముగ కట్టించెను. 2004 లో అతని మొదటి భాగము వెలువడెను. అంతట నిజమైన ధారావాహికలో నటించిన వారే యతని చిత్రములలో కనబడిరి: 2006 లో వాల్టర్ కోనిగ్, 2007 లో జార్జ్ టకేయి తమ పాత పాత్రలను వృద్ధాప్యమున మరల ధరించిరి. 2013 మొదలు 2017 వరకు వెలువడిన 'స్టార్ ట్రెక్ కంటిన్యూస్' అను 11 భాగములలో, పూర్వము యంత్రశిల్పి స్కాటీగా నటించిన జేమ్స్ డూహన్ గారి కుమారుడే తండ్రి పాత్రను ధరించెను. తాత కట్టిన వేషమును మనుమడు కట్టెడి మన వీధినాటకముల వారికిది పరిచితమైన ముచ్చటయే.

ఈ చివరి చిత్రములే మా యింటికి వచ్చి చేరినవి. మేము హైదరాబాదు పాత నగరములో హుస్సేనీ ఆలమున నుందుము. పీర్ల పండుగనాటి ఆలము పేరనే మా పేటకా పేరు వచ్చినది. చార్మినారునుండి లాడ్ బజారు మీదుగా మహబూబ్ చౌకు గడియారపు గోపురము దాటి పడమరకు వచ్చినచో మా వీధులు. పైగా ప్రభువుల నాటి ఖుర్షీద్ జాహ్ దేవిడీ యిచటనే కలదు. ఐరోపా పద్ధతి నెత్తైన స్తంభములతో కట్టిన ఆ సౌధము చాలకాలము శిథిలమై యుండగా, దాని మైదానమున బాలురు క్రికెట్టాడుచు పెరిగిరి. స్త్రీల ప్రభుత్వ డిగ్రీ కళాశాలయు హుస్సేనీ ఆలములోనిదే. ఉదయమున బురఖాలతో కొందరు, చున్నీలతో కొందరు బాలికలు పుస్తకములు గుండెలకదుముకొని పోవుచుందురు.

అమెరికాలోని మా బంధువుల పిల్లవాడొకడు ఆ చిత్రములను మా పిల్లలకు ఫోనులో చూపెను. ఇక చెప్పనేల! మా బావగారి కూతురు పదుమూడేండ్లది, నా కొడుకు పదునొకండేండ్లవాడు, పొరుగింటి ముసల్మాను సోదరులిద్దరు, నలుగురును కలసి మా మిద్దెమీద నాకాశనౌక కట్టనారంభించిరి. పాడైన కూలరు పెట్టె యంత్రశాలయయ్యెను. ఛత్తా బజారులో అచ్చువేయించిన శుభలేఖలు పెండ్లిళ్ళు కాగానే యింటింట పడియుండునవి యేరి, వాని తళతళలాడు అట్టలను గోడలకంటించిరి. లక్కగాజులపై నద్దెడి రంగురాళ్ళు గుప్పెడు పొరుగింటి నానీమా యిచ్చెను, అవి దీపములయ్యెను. మా అత్తగారి పడకకుర్చీ కెప్టెను సింహాసనమయ్యెను. ఉప్పుబుడ్ల కథ విన్నవారు గావున నా వంటయింటిలోని ఉప్పుబుడ్డినిగూడ పట్టుకొనిపోయిరి. రెండు దినములు గిన్నెలో ఉప్పు పోసికొంటిని.

దుస్తులు కుట్టుట నా వంతు. కెప్టెనునకు బంగారువన్నె చొక్కా, వైద్యునకు నీలిది, యంత్రశిల్పికి ఎర్రది. బంగారువన్నె గుడ్డ చేతబట్టి, కొలత యెవరిదని యడిగితిని. పొరుగింటి పెద్దవాడు ముందుకు వచ్చెను. మా యమ్మాయిని చెవిలో యంత్రము పెట్టుకొని మూల గూర్చుండుమనిరట. అందరు క్రిందికి పోయిన పిదప ఆమె నా కుట్టుమిషను ప్రక్క వచ్చి కూర్చుండెను.

"చిన్నమ్మా, కథ రాసింది నేను. కెప్టెన్ అంటే మొగపిల్లగాడే ఉండాల్నా?"

కథ నిజముగా నామె వ్రాసినదే. నోటుపుస్తకమున పదునారు పుటలు. నీళ్ళులేని గ్రహమొకటి, అక్కడ రెండు దినముల కొకమారు గంటసేపు కుళాయి వచ్చును, నౌకలోని నీరు వారితో పంచుకొన్నచో నౌకవారికి చాలదు, కెప్టెను నిర్ణయింపవలెను. మా పేటలో కుళాయి వేళకు లేచి బిందెలు నింపువారికి ఆ గ్రహమెక్కడిదో వెంటనే తెలియును. కథ పొడిగించి చెప్పనక్కరలేకుండ మగపిల్లలు ఆ వాదమున కొడంబడిరి. పొరుగింటి పెద్దవానికి కెమెరా పట్టుకొని 'యాక్షన్' అనుటయే కెప్టెను పదవికంటె నెక్కువగా దోచెను. చొక్కా కొలత మా యమ్మాయిదే తీసికొంటిని.

చిక్కు వేరొకచోట వచ్చెను. సంగతి విని మా బావగారు నన్ను బిలిచి మెల్లగా ననిరి: "పిల్లలు ఆడుకుంటే నాకేం లేదమ్మా. కాని ఆడపిల్ల మొకం పదిమంది ఫోన్లల్ల తిరిగితే రేపు ఎవరు జవాబు చెప్పాలె? అదిగాక ఎవరో రాసుకున్న కథ, ఎవరో కట్టుకున్న ఓడ. అడగకుండా తీసుకునుడు దొంగతనం కాదా?"

ఆయన చెడ్డవారు కారు, పిల్లలపై ప్రేమగలవారు. రెండు ప్రశ్నలును తోసివేయదగినవి కావు. కావున రెంటికిని నాకు తెలిసినంత సమాధానము వెదకితిని.

ముందుగా దొంగతనపు మాట. మన పురాణములకు యజమాని లేడు. రామకథను హరిదాసు చెప్పినను, తోలుబొమ్మలవాడు ఆడించినను, పెరటిలో పిల్లలు విరిచి క్రొత్తగా కట్టినను ఎవరి యనుమతియు నక్కరలేదు. ఈ కాలపు కథలట్లు కావు. పాత్ర పేరునకు, నౌక యాకారమునకు, చొక్కామీది గుర్తునకుగూడ కాపీరైటో వ్యాపారచిహ్నమో, ఏదో యొక హక్కు కలదు. ఈ విషయమున అమెరికాలో పెద్ద వ్యాజ్యమే నడచెను. 'ఆక్సనార్' అను చిత్రమును తీయబూనినవారు అభిమానులనుండి పదిలక్షల డాలర్లకు పైగా చందాలు ప్రోగుచేసిరి. 2015 డిసెంబరులో హక్కుదారులైన సి.బి.ఎస్., పారమౌంట్ సంస్థలు వారిపై దావా వేసెను. 2017 జనవరిలో రాజీ కుదిరెను. ఈ నడుమ 2016 జూనులో ఆ సంస్థలు అభిమానులకు కొన్ని నియమములు ప్రకటించెను. ఒక కథ 15 నిమిషములకు, రెండు భాగములైనచో మొత్తము 30 నిమిషములకు మించరాదు. పనిచేయువారెవ్వరును జీతము పుచ్చుకొనరాదు. చందాలు 50,000 డాలర్లు దాటరాదు. చిత్రమును అమ్మరాదు. కథ సొంతమై యుండవలెను; పాత భాగములను నకలు చేయరాదు. ఇట్టివి పాటించువారిపై ఆక్షేపణ తేము అని వాని సారాంశము.

పెద్ద చిత్రములు తీయువారికి ఈ నియమములు ఉరిత్రాడువలె దోచెను. కాలీ చిత్రములు తీయుట మాని, అనుమతి పొంది, తన కట్టడమును యాత్రికులు చూచు ప్రదర్శనశాలగా మార్చెను. మా మిద్దెమీది వారికి మాత్రము అవి యెంత మాత్రము బరువు కాలేదు. పదునాలుగు నిమిషముల చిత్రము, సొంతకథ, వ్యయము గుడ్డకును జిగురునకును పట్టినంత, జీతము సాయంకాలము మిరపకాయ బజ్జీలు. కథ యొకరి సొత్తైనను, దానిని ప్రేమించి ఆడుకొనుటకు కొంత చోటు విడుచుట యజమానికిని మంచిదే. ఆ చోటిని అంగడిగా మార్చకుండుట ఆడుకొనువారి ధర్మము. ఈ మాట బావగారి కంగీకారమయ్యెను.

ఆడపిల్ల మాట యంత సులువుగా తేలలేదు. మహారాష్ట్రములో మాలేగావ్ అను మరమగ్గముల పట్టణము కలదు. అచట నాసిర్ షేక్ అను వీడియో ప్రదర్శకుడు 2000 లో 'షోలే' కథను తన యూరి యాసలో, ఊరి పనివారితో తీసెను. తరువాత వారు సూపర్‌మాన్‌ను గూడ తమ యూరికి దింపిరి. బక్కపలుచని మరమగ్గపు కార్మికుడా పాత్ర ధరించెను. ఆ శ్రమను గూర్చి ఫైజా అహ్మద్ ఖాన్ అను యువతి తీసిన డాక్యుమెంటరీని 2008 మొదలు దేశదేశములలో చూచిరి. 2024 లో రీమా కాగ్తీ గారు దానినే పెద్ద చిత్రముగా మలచిరి. ఆ మాలేగావ్ చిత్రములలో ఆ యూరి స్త్రీలు మాత్రము లేరు. నాయిక పాత్రలకు పొరుగూళ్ళనుండి స్త్రీలను రప్పించుకొనవలసి వచ్చెను. ఊరంతయు ఆడిన ఆటలో ఊరి సగము గుమ్మము వెనుక నిలిచెను. ఇది చూచినప్పుడు నాకు నవ్వులనడుమ గుండె కలుక్కుమన్నది.

మన తెలుగుదేశపు దృష్టాంతము వేరొకటి కలదు. 1885 లో కడప జిల్లాలోని సురభి గ్రామమున పుట్టిన నాటకసమాజము కుటుంబములే సమాజముగా నడచినది. పురుషులు స్త్రీవేషములు కట్టు కాలమున ఆ కుటుంబముల స్త్రీలు రంగమెక్కిరి; బాలకృష్ణ, ప్రహ్లాద వేషములు బాలికలు కట్టుటయు వారిలో కలదు. దారములతోను కప్పీలతోను వారు 'మాయాబజారు'లో చూపు వింతల ముందు మా శుభలేఖల నౌక యేపాటిది? తండ్రియు తాతయు తెరత్రాడు పట్టియుండగా ఆడిన బాలికను లోకము వ్రేలెత్తి చూపలేదు.

మూల గూర్చున్న ఉహూరా కథగూడ బావగారికి చెప్పితిని. ఆ పాత్ర ధరించిన నిషెల్ నికొల్స్ మొదటి యేడాది కాగానే విడిచిపోదలచెననియు, మార్టిన్ లూథర్ కింగ్ గారు వలదని నిలిపిరనియు ఆమెయే చెప్పుకొనెను. 1977 మొదలు ఆమె నాసా పక్షమున స్త్రీలను, నల్లజాతివారిని వ్యోమగాములుగా జేరుడని పిలుచుచు తిరిగెను. బాల్యమున ఉహూరాను చూచి మురిసిన మే జెమిసన్ 1992 లో నిజముగానే నంతరిక్షమునకు పోయి, ఆ గౌరవము పొందిన మొదటి నల్లజాతి స్త్రీయయ్యెను. మన యాంధ్రదేశమున బుట్టిన బండ్ల శిరీష 2021 జులైలో వ్యోమయానము చేసినప్పుడు, మా యమ్మాయి ఆ చిత్రపటమును పత్రికనుండి కత్తిరించి బీరువా తలుపున కంటించెను. బావగారు దానిని దినమునకు పదిసారులు చూచుచునే యున్నారు.

తుదకాయన యొక షరతుతో నొప్పుకొనిరి: చిత్రము రెండిండ్లవారు మాత్రమే చూడవలెను, యూట్యూబులో పెట్టరాదు. మా యమ్మాయి కన్నీరు పెట్టుకొనెను. ఎవరును చూడని చిత్రమెందుకని యామె ప్రశ్న. నేనామెకు అబద్ధపు ఓదార్పు చెప్పలేదు. ఈ కాలమున ఒక బాలిక ముఖమును గుర్తెరుగనివారు తీసికొని యెట్లెట్లు మార్చి త్రిప్పగలరో పత్రికలలో చదువుచునే యున్నాము; తండ్రి భయమునకు కారణము కలదు. అట్లని ఆ భయము ఆమె ఆటను మ్రింగివేయరాదు. చూపుట తరువాతి సంగతి, చేయుట ముందటి సంగతి. చూపుటకు యుక్తవయస్సు వచ్చినప్పుడు నిర్ణయము నీదే యని బావగారి యెదుటనే చెప్పితిని. ఆయన కాదనలేదు.

నాలుగు సాయంకాలములలో చిత్రీకరణము ముగిసెను. నీళ్ళులేని గ్రహపు ప్రభువుల నగరు కావలసివచ్చినప్పుడు, మైదానపు అంచున నిలిచి దేవిడీ స్తంభములను దూరమునుండి తీసిరి. ఒక శుక్రవారము రాత్రి మిద్దెమీద తెల్లని దుప్పటి గట్టి, అరువు తెచ్చిన ప్రొజెక్టరుతో చూపిరి. మా అత్తగారు, పొరుగింటి నానీమా ఒకే చాపపై గూర్చుండిరి. మా యమ్మాయి బంగారువన్నె చొక్కాతో పడకకుర్చీలో గూర్చుండి, నౌకలోని నీటిలో సగము దింపుడని యాజ్ఞాపించెను. "మరి మనకు?" అని నా కొడుకు, ఎర్రచొక్కావాడు, అడిగెను. "ఎల్లుండి కుళాయి వస్తది" అని కెప్టెను బదులు చెప్పెను. మిద్దెయంతయు నవ్వెను. అందరికంటె బిగ్గరగా నవ్వినవారు బావగారే.

మరునాడాయన కూతురును బిలిచి, రెండవ భాగమున ఆ గ్రహమువారికి బావి త్రవ్వించు ఆలోచన యేమైన నున్నదా యని యడిగిరి. ఆమె నోటుపుస్తకము తెచ్చి తండ్రి ప్రక్కనే కూర్చుండెను. ఆ సంభాషణలో నాకు పనిలేదని నేను వంటయింటికి పోతిని.

సోదరీమణులారా! వేసవి సెలవులలో మీ యిండ్లలోను పిల్లలు అట్టపెట్టెలు, పాతగుడ్డలు, జిగురుసీసాలు పరచి ఇల్లు చిందరవందర చేయుదురు. ఊడ్చువారికి విసుగు తప్పదు. అయినను ఫోను చేతబట్టి గంటలకొలది ఒకరు చేసినది చూచుచు గూర్చుండుటకును, ఆ ఫోనుతోనే తామొకటి చేయబూనుటకును ఎంతయో భేదము కలదు. మొదటి దానిలో వ్రేలొకటే కదలును. రెండవ దానిలో లెక్క, కుట్టు, మాట, చెలిమి, ఓర్పు అన్నియు కదలును. సరిహద్దులు పెద్దలు నిర్ణయింపవచ్చును. సొమ్ముకు పోరాదనవచ్చును, పరులకు చూపరాదనవచ్చును. చొక్కాల కొలతలు తీయునప్పుడు మాత్రము ఆ యింటి ఆడపిల్లనుగూడ పిలిచి నిలువబెట్టి, భుజమునుండి భుజమునకు కొలిచి చూడుడు. ఏ రంగు గుడ్డ కావలెనో ఆమెనే యడుగుడు.